రోజా పేరు పిలిచినప్పుడు

ఉద్దానంలో కొబ్బరిచెట్ల మధ్య ఒక వీధి. పెద్దతల్లి అరుగు మీద కాళ్ళు చాపుకుని, చేటలో జీడిపప్పు పోసుకుని పొట్టు తీస్తోంది. విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ప్రమోదిని మేడమ్ చెప్పులు విప్పి ఆమె పక్కన కూర్చుంది. పక్కింటి పావని గుమ్మానికి ఆనుకుని నిలబడింది. పెద్దతల్లి ఉన్నచోట మాట ఎవరు మొదలుపెట్టారో చెప్పడం కష్టం, అప్పటికే నడుస్తోంది.

"నీలు ఇవ్వన్లే తల్లీ, ఆ సీసా నీ సంచీలోనే ఉంచుకో. మా ఊరొచ్చినోలు మా నీలు తాగరని నాకు తెల్దేటి? పావనీ, మేడమ్‌కి బొండాం కొట్టవే."

"వద్దు మామ్మా, నేను ఎక్కువసేపు..."

"వద్దంటే ఎలాగ? నా మనవరాలు రోజాకి సీటిచ్చిన మేడమ్మివి. ఉత్త నోటితోటి పంపుతానేటి? పావనీ, ఇన్నావా? పెరట్లో గెల దించీసి ఉన్నాది సూడు."

"ఇన్నాను మామ్మా. మేడమ్, నీలెక్కువున్నది కావాలా, మీగడ కట్టింది కావాలా?"

"ఏదైనా పర్లేదు పావనీ. కత్తి జాగ్రత్త."

"నాకా జాగర్త? ఈ ఈదిలో గెలలన్నీ నానే కొడతాను మేడమ్. మగోలు కొడితే సగం నీలు నేలకే పోతాయి."

"ఎల్లవే ఎల్లు. నోరు సూడు దానిది... అది మా పక్కింటి దేముడమ్మ కూతురమ్మా. అదీ, మా రోజా ఒక్క బల్ల మీద సదివినారు. మీ పరీచ్చలో దీనికి రెండో నంబరొచ్చినాది కదా, ఊరికొక్క సీటే అన్నారు కదా. ఏడుత్తాదనుకున్నాను. ఏడవనేదు. రోజా ఎల్తే నాను ఎల్లినట్టే మామ్మా, దాని పుస్తకాలు నాకొత్తాయి అన్నాది. వచ్చే వారం వాళ్ళమ్మతోటి కాశీబుగ్గ జీడి ఫేక్టరీలో పనికెల్లిపోతాది."

"తెలుసు మామ్మా. రోజా ఏదీ, కనపడదేం?"

"కాశీబుగ్గెల్లినాది. మేనమావ మణికంఠ తీసికెల్లినాడు, సంచీ కొంటానని. చక్రాల సంచీ అంట. లాక్కుని పోవడమే గానీ మొయ్యక్కర్నేదంట. మా ఇసకలో చక్రాలేటి తిరుగుతాయిరా అన్నాను. ఇక్కడ కాదమ్మా, అక్కడ సిమెంటు నేల అన్నాడు. పొద్దున్నుంచి ఆ పిల్ల నేల మీద నడవనేదనుకో."

"కొనేసి ఉంటారా?"

"ఏటి, సంచీ? కొనీసుంటారు. ఎందుకమ్మా?"

"ఏం లేదు. ఊరికే అడిగాను."

"మధ్యాన్నం బస్సుకి దిగుతారు. ఉండు, సూసి ఎల్దువు. నిన్ను సూత్తే దానికి పండగ. మొదట్ల మన ధర్మారావు మాస్టారొచ్చి ఈ సంగతి సెప్పినపుడు నాను నవ్వీసినాను తెలుసా? యూనివర్సిటీవోలే ఊరొచ్చి పిల్లల్ని తీసికెల్తారంట, టెక్కలి కాలేజీవోలు ఆదివారాలు ఉట్టినే సదువు సెప్తారంట, కాశీబుగ్గ జీడి వేపారుల సంఘంవోలు తిండికీ హాస్టలుకీ పెట్టుకుంటారంట. ఒక పిల్ల కోసం ఇంతమంది ఒక మాట మీద ఉంటారేటి మాస్టారూ, పెళ్ళిలో కూడా ఉండరు అన్నాను. ఈపాలి ఉంటారమ్మా అన్నాడాయన. ఉన్నారు. మన బడి ముందల షామియానా ఏసి, అందరూ ఒక్క బల్ల కాడ కూకున్నారు. నువ్వు మైకట్టుకుని ఏటన్నావు, గేపకం ఉన్నాదా?"

"ఏదో అనే ఉంటాను మామ్మా."

"ఏదో కాదు. ఈ తోటల్లోంచి మా గేటు దాకా తోవ మేమే ఏత్తాం, నడవడం ఒక్కటే మీ పిల్లల పని అన్నావు. ఊరంతా ఇన్నాది. నువ్వు మా కోటబొమ్మాళి పిల్లవే కదా, ఎంత సదివినా మాటలో ఆ సాగదీత పోనేదు. అందుకే నమ్మినాను. పట్నంవోలైతే నమ్మకపోను."

"మామ్మా, ఒక సంగతి మాట్లాడాలి."

"మాటాడు. నాను ఒద్దన్నానేటి? ఈ చేట పక్కకి లాగు, నీ చీరకి జీడి అంటితే పోదు. నా సేతులు సూడు, రేకలు కూడా మిగల్నేదు. బేంకులో ఏలి ముద్ర ఎయ్యమంటే మిషను ఒప్పుకోదు. పెద్దతల్లి అన్న మనిషే నేదంటాది."

"మామ్మా..."

"నమ్మినాను గానీ తల్లీ, ఆ తెల్ల బండి ఒచ్చినపుడు మాత్రం నా గుండె మళ్ళీ జారిపోనాది. హాస్టల్లో సేర్చుకునే ముందల రగతం సూడాలని మీరంపినారు కదా, ఆ బండి. మా ఊరికి బండ్లు కొత్తేటి? మా ఇంటాయన పోలారావు బతికున్నపుడే ఒకటొచ్చి నూతి నీలు సీసాల్లో పట్టికెల్లినాది. తరవాత మట్టి అట్టికెల్లినారు. తరవాత మా గోళ్ళు, ఎంటికలు. ఉచ్చ కూడా అట్టికెల్లినారమ్మా, నవ్వకు."

"నవ్వట్లేదు మామ్మా."

"నా కొడుకు తిరుమలరావు సేతిలోంచి ఎన్నిపాలిలు తీసినారో వాడికే తెల్దు. ఎప్పుడడిగినా, రిపోర్టులొత్తాయమ్మా అనేవోలు. రగతం ఇచ్చినోడు పోయినాడు. రిపోర్టు ఇంకా రానేదు. మా ఊరికి అట్టికెల్లడానికొచ్చినోలే గానీ, తిరిగొచ్చి, అమ్మా, ఇదీ సంగతి అని సెప్పినోలు ఒక్కరు నేరు. నువ్వే మొదలు. తిరిగొచ్చినావు సూడు, అందుకే బొండాం."

"అలా అనకండి."

"ఉన్నమాటే అంటన్నాను. ఇంకో సంగతి నీకు తెల్దు. ఎవులింట్లోనైనా రగతంలో ఆ కిడ్నీల నంబరు పెరిగినాదని తెలిత్తే ఆ ఇంటికి సంబంధం రాదు, కూలికి పిలిసినోడు పిలవడు. అందుకని మావోలు పలాసలో సూపించుకోరు. టెక్కలెల్లి, మొకం మీద తువ్వాలేసుకుని, ఇంకోలి పేరు రాయించుకుంటారు. మా తిరుమలరావు మొదటిపాలి సూపించుకున్నది వాళ్ళ బావ పేరు మీద. ఆ బావ ఇప్పటికీ తిడతాడు, నాకు నేని రోగం నా పేరుకి అంటించినాడని."

"క్యాంపు రోజు రోజా భయపడిందా మామ్మా?"

"ఎందుకు భయపడతాది? ఆ రోజు నాతోటే తోటలో జీడిపిక్కలేరతా..."

"తోటలోనా? రక్తం తీసిన రోజా?"

"కాదు కాదు. ముందర రోజు. ముసలిదాన్ని, రోజులన్నీ ఒకదాల్లో ఒకటి కలిసిపోతాయి. బడికే ఎల్లినాది. ఎల్లకపోతే ఎలాగ? అయినా ఆలకి మన పిల్లల మొకాలేటి తెలుసు, పేరట్టి పిలిత్తారు, సెయ్యి సాపినోలకి సూది గుచ్చుతారు. అయిపోనాది కదా. ఇప్పుడా ఊసెందుకు?"

"ఆ ఊసుకే వచ్చాను మామ్మా. చేట కింద పెట్టండి ఒకసారి."

"పెట్టక్కర్నేదు, నా సేతులకి కళ్ళున్నాయి. సెప్పు."

"రోజాకి సీటు ఇవ్వడం లేదు మామ్మా."

"ఇన్నాను. ఏం, డబ్బులేటైనా కట్టాలా?"

"డబ్బు కాదు."

"మరేటి? ఎవులైనా పెద్దోలు తమ పిల్లకి అడిగినారా? అలాగైతే సెప్పు, ధర్మారావు మాస్టారిని అట్టుకుని నానే ఒత్తాను. నాకు బయం నేదు."

"రక్తం రిపోర్టు బాగోలేదు. రోజా పేరు మీద వచ్చింది."

"రోజా పేరు మీద."

"అవును మామ్మా. కిడ్నీలు... మీకు నేను చెప్పేదేముంది."

"ఎంత?"

"ఎంతైతే ఏముంది, డాక్టరు దగ్గరికి..."

"నంబరు సెప్పు తల్లీ. ఉయ్యాల్లో పిల్లలకి కూడా తెలుసు ఇక్కడ ఆ నంబరు. ఎంత?"

"క్రియాటినిన్ నాలుగు దాటింది."

"నాలుగు."

"నాకూ నమ్మబుద్ధి కాలేదు. ఆ రక్తాన్నే మళ్ళీ పరీక్ష చేయించాను, వేరేచోట. అదే వచ్చింది."

"తప్పు అయ్యుండదేటి? సీసాలు మారిపోయుంటాయి. మా ఊరి సీసాలూ ఇంకో ఊరి సీసాలూ కలిసిపోయుంటాయి."

"కలవలేదు మామ్మా. నేనే దగ్గరుండి చూశాను. రోజా అని చీటీ అంటించిన సీసాయే అది. నాలుగు దాటిన పిల్ల అలా ఎలా తిరుగుతోంది, పరీక్ష ఎలా రాసింది అని డాక్టరే అడిగాడు."

"తిరుగుతారు. తిరుగుతారమ్మా. అదే కదా దీని మాయ. మా తిరుమలరావుకి ఆ నంబరు నాలుగున్నపుడు సైకిలు తొక్కేవోడు. గెలలు బుజానేసుకుని రోడ్డు దాకా మోసేవోడు. నవ్వేవోడు. నాకేటీ కాదే అమ్మా, దిట్టంగా ఉన్నాను అనేవోడు. తరవాత పలాస ఆసుపత్రిలో రగతం కడిగించుకుని బస్సెక్కినపుడు కూడా నవ్వేవోడు. ఆరైనాది, ఎనిమిదైనాది..."

"మామ్మా, మంచి డాక్టరు ఉన్నాడు, విశాఖలో. నేను తీసుకెళ్తాను. ముందుగా తెలిసింది కదా, మందులతో కొంత ఆగుతుంది."

"మామ్మోయ్, పెరట్లో ఈ కత్తి మొద్దుబారిపోనాది. దీంతోటి బొండాం కాదు, ఎన్న కూడా తెగదు."

"పావనీ. ఆ కత్తి వదిలీ తల్లీ."

"రెండే మామ్మా, అయిపోతన్నాది."

"వదిలీమన్నానా. అంత గట్టిగా కొట్టకు. నీడలోకెల్లి కూకో."

"ఇదేటి, ఇంతసేపు కొట్టు కొట్టు అన్నాది, ఇప్పుడు కూకోమంటాది. మేడమ్ నవ్వుతాది మామ్మా నిన్ను సూసి."

"మామ్మా, పప్పంతా కింద పడుతోంది. చేట నాకివ్వండి."

"ఉండనీ. నువ్వేటన్నావు, సీటు ఇవ్వరంటే... ఎవులు ఇవ్వరు? నువ్వా?"

"నిన్న టెక్కలిలో మీటింగు పెట్టారు. షామియానా కింద కూర్చున్నవాళ్ళే అందరూ. సంఘం ప్రెసిడెంటు సీతారాం గారు చెడ్డాయన కాదు మామ్మా, ఆయన తమ్ముడూ ఇదే రోగంతో పోయాడు. హాస్టల్లో ఆడపిల్లకి ఏమైనా అయితే ఎవరు పూచీ తల్లీ అన్నాడు. కాలేజీ వాళ్ళు మా చేతుల్లో ఏముంది అన్నారు. మావాళ్ళు వైద్యం చేయించుకుని వచ్చే ఏడు రమ్మనండి అన్నారు."

"వచ్చే ఏడు. మా ఊర్లో ఆ మాట ఎవులూ అనరమ్మా. నువ్వేటన్నావు?"

"ఈ రోగం ఉన్న ఊళ్ళ పిల్లల కోసమే కదా మనం ఇది మొదలెట్టింది అన్నాను."

"ఆలేటన్నారు?"

"టీ తెప్పించారు."

"తాగినావా?"

"తాగాను మామ్మా. నా ఉద్యోగం కూడా ఏడాదికోసారి వాళ్ళు సంతకం పెడితేనే ఉంటుంది. తాగి, సరే అన్నాను."

"నిన్ను నానేటీ అనను. ఎవుల్నీ అనే నోరు కాదు నాది ఈయేల."

"ఒక్కటి మాత్రం ఒప్పించాను. ఈ ఊరి సీటు ఇంకో ఊరికి పోనివ్వలేదు. రోజా తరవాత ఎవరో వాళ్ళకే ఇస్తామన్నారు."

"రోజా తరవాత."

"పావనికి. మీకు కష్టంగానే ఉంటుంది. కానీ పావనికి ఇప్పుడే చెప్పాలి, ఫేక్టరీ పనికి ఒప్పేసుకోకుండా. రేపు పొద్దున్న బండి వస్తుంది. రక్తం ఇచ్చేస్తే, ఆ సాయంత్రానికి అయిపోతుంది."

"పావనికి సూది గుచ్చుతారా?"

"గుచ్చాలి కదా మామ్మా. మొన్న క్యాంపులో పావని పేరు లేదు, ఎంపికైన పిల్లలకే తీశారు. భయం లేదు. చూడండి ఆ పిల్లని, మనిద్దర్నీ ఎత్తుకుని పరిగెత్తేలా ఉంది."

"సెప్పకు."

"ఏమిటి?"

"పావనికి సెప్పకు. బండి అంపకు. సీటు పక్కూరికిచ్చీ. మా ఊరికి సీటొద్దు."

"మామ్మా, మీరేనా ఈ మాట అంటున్నది? రోజాకి రాలేదని పావని నోటి దగ్గర కూడు తీస్తారా?"

"అంటే అను. కుళ్ళుమోతు ముసలిది అనుకో. ఊరంతటికీ సెప్పు, నాను పడతాను. ఆ గుంట ఫేక్టరీకెల్లనీ, పొట్టు తీసుకోనీ, నవ్వుకోనీ. దేముడమ్మకి మొగుడు లేడు, ఆ ఒక్క గుంటే. దానికి ఎప్పుడూ జొరం కూడా రానేదు తల్లీ. వానలో తడిసినా రానేదు. రోజాకి పరీచ్చలపుడు కాళ్ళు పొంగినాయి. పావనికి పొంగనేదు. నాను రోజూ సూసినాను. దిట్టంగా ఉన్నాది కాబట్టే కదా..."

"కాబట్టే ఏమిటి?"

"ఏటీ నేదు."

"మామ్మా, ఏడవకండి. రోజాకి నేనున్నాను. మీరు అడ్డు చెప్పినా పావనికి చెప్పక తప్పదు నాకు. ఇంకో పిల్లకైనా ఆ తోవ వెయ్యకపోతే, నేను ఆ బల్ల దగ్గర కూర్చున్నందుకు..."

"ఎయ్యకు. నీ కాళ్ళట్టుకుంటాను తల్లీ, ఈయేల ఎయ్యకు. ఒక్క రాత్తిరి ఇయ్యి. నాను దేముడమ్మతోటి మాటాడతాను. ముందల దేముడమ్మతోటి..."

"ఇదిగో మేడమ్, మీగడ కట్టింది. గళాసులో పొయ్యనేదు, మా గళాసు మీకు పడదేమో అని అలాగే తెచ్చినాను. ఏటైంది? మామ్మెందుకు ఏడుత్తన్నాది?"

"పావనీ, నువ్వింటికెల్లు."

"ఎల్లను. ఇంతసేపు నవ్వినాది కదా. రోజాకేటైనా అయినాదా మేడమ్? బస్సుకేటైనా..."

"బస్సుకేం కాలేదు. ఇలా కూర్చో పావనీ."

"మేడమ్, ఒద్దు. నా తిరుమలరావు మీద ఒట్టు, సెప్పకు."

"ఎప్పటికైనా తెలియాలి మామ్మా. పావనీ, రోజాకి సీటు ఆపేశారు. క్యాంపులో తీసిన రక్తంలో కిడ్నీ జబ్బు ఉందని వచ్చింది. అందుకని ఆ సీటు..."

"ఆ రోజు తీసిన రగతంలోనా?"

"పావనీ, నోరు ముయ్యవే తల్లీ. నీకు దండమెడతాను."

"ఉండు మామ్మా, దానికోసమా నీ ఏడుపు? ఓలమ్మా, నాను హడిలిపోనాను. మేడమ్, మీరు మామ్మని తిట్టనంటే సెప్తాను. రోజాకి కాళ్ళు పొంగుతున్నాయి, ఆలు సూత్తే సీటియ్యరు, నువ్వైతే దిట్టంగా ఉన్నావు, దాని పేరు పిలిసినపుడు నువ్వెల్లవే అని మామ్మే నన్నంపినాది. రోజా ఆ రోజు బడికే రానేదు. సెయ్యి సాపింది నాను. అది నా రగతం మేడమ్. ఇంక దిగులేటి, ఆలకి ఫోను సేసి సీటు రోజాకే ఇచ్చీమని సెప్పండి. ముందు బొండాం తాగండి, ఏడెక్కిపోతాది."